అర్జెంటీనా ఎస్తాన్సియాలో ఒక రోజు: భోజనం సంగతి తేల్చుకున్నాకే బయల్దేరండి

బ్యూనస్ ఎయిరెస్‌లో నాలుగు రోజులు తిరిగాక ఎవరికైనా పల్లెవైపు ఒకసారి వెళ్లొద్దామని అనిపిస్తుంది. ఏ హోటల్లో అడిగినా ‘దియా దె కాంపో’ (పల్లెలో ఒక రోజు) అని ఒక ప్యాకేజీ చూపిస్తారు. పశువుల పెంపకంతో నడిచే పెద్ద ఎస్టేట్‌ని అక్కడ ఎస్తాన్సియా అంటారు. అక్కడ గుర్రమెక్కి పశువుల్ని కాసేవాళ్లు గౌచోలు. కార్యక్రమం అన్నిచోట్లా దాదాపు ఒకటే. పొద్దున పదికో పదకొండుకో చేరడం, కాసేపు గుర్రపు స్వారీ, మధ్యాహ్నం నిప్పుల మీద కాల్చిన మాంసంతో విందు, ఆ తర్వాత పాటలు, నాట్యం, గుర్రాల పోటీ, సాయంత్రం మాతె అనే చేదు ఆకు పానీయం తాగి వెనక్కి రావడం.

చూడటానికి గుర్రాల గురించి వెళ్తున్నట్టు ఉంటుంది గానీ, ఆ రోజంతా తిరిగేది మధ్యాహ్న భోజనం చుట్టూనే. రెండు మూడు గంటలు సాగే ఆ విందులో ప్రధానం బీఫ్. మనవాళ్లలో బీఫ్ ముట్టనివాళ్లు ఎందరో, అసలు నీచే తిననివాళ్లూ ఉన్నారు. వాళ్లు ముందుగా మాట్లాడుకోకుండా వెళ్తే బంగాళాదుంపలు, ఆకుల సలాడ్ నంజుకుంటూ మూడు గంటలు కూర్చోవాల్సిందే. ముందే చెప్పుకుంటే మాత్రం హాయిగా గడిచిపోతుంది. అందుకే ఇక్కడ తిండి గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

1. ఎలాంటి ఎస్తాన్సియా కావాలో ముందు తేల్చుకోండి

ఒక రకం టూరిస్టుల కోసమే నడిచేవి. లోస్ కార్దాలెస్ దగ్గరున్న సాంటా సుసానా అలాంటిదే. రాజధాని నుంచి బస్సులోనే తీసుకెళ్తారు, పెద్ద హాల్లో వందలమందికి ఒకేసారి వడ్డిస్తారు, షో అంతా టైం ప్రకారం నడుస్తుంది. గుర్రపు స్వారీ మాత్రం వరుసలో నిలబడి ఒక చుట్టు తిరిగి రావడమే.

రెండో రకం పాత ఇళ్లు. సాన్ ఆంతోనియో దె ఆరెకో అనే ఊరి చుట్టుపక్కల ఇవి ఎక్కువ. 1880లో కట్టిన ఎల్ ఓంబూ, అంతకన్నా పాతదైన లా బాంబా పేరున్నవి. అతిథులు కొద్దిమందే ఉంటారు, స్వారీ ఎక్కువసేపు దొరుకుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఇక మూడోది లా సినాసినా లాంటిది. ఊరికి ఆనుకునే ఉంటుంది కాబట్టి బస్సు దిగి నడిచి వెళ్లిపోవచ్చు.

పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి వెళ్తుంటే మొదటి రకమే సుఖం. అది ‘అసలైన’ గౌచో జీవితం కాదని పెదవి విరిచేవాళ్లుంటారు, వాళ్ల మాట పట్టించుకోకండి. గుర్రాల మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు మాత్రం డబ్బు కాస్త ఎక్కువైనా రెండో రకానికే వెళ్లాలి.

అక్కడ అందరూ వాట్సాప్‌లోనే మాట్లాడతారు. బుక్ చేసే ముందు ఈ విషయాలు మెసేజ్ పెట్టి అడగండి: రానూపోనూ బండి ధరలో కలిసే ఉందా? స్వారీ ఎంతసేపు? హెల్మెట్ ఇస్తారా? వాన పడితే ఏం చేస్తారు? ఈ చివరిది తప్పనిసరి. చాలా ఎస్తాన్సియాలకు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి మట్టిబాటే ఉంటుంది, పెద్ద వాన పడితే కార్లు దిగబడిపోతాయి. తేదీ మార్చుకోనిస్తారో లేదో ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు.

2. కాలం చూసుకోండి

అక్కడి కాలాలు మనకి తలకిందులు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం. దోమలు ఎక్కువ, మిట్టమధ్యాహ్నం స్వారీ కష్టం. జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం, పొద్దున గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. సెప్టెంబర్–నవంబర్, మార్చి–మే నెలలు బావుంటాయి.

నవంబర్ 10 అర్జెంటీనాలో ‘సంప్రదాయ దినం’. ఆ రోజుల్లో ఆరెకోలో పెద్ద ఉత్సవం జరుగుతుంది. చుట్టుపక్కల గౌచోలందరూ వెండి సామగ్రితో అలంకరించిన గుర్రాలెక్కి ఊరేగింపుగా వస్తారు. చూసి తీరాల్సిందే గానీ బస్సులూ గదులూ చాలా ముందే నిండిపోతాయి. ప్రశాంతంగా గడపాలనుకుంటే ఆ వారం వదిలేసి, మామూలు రోజుల్లో వారం మధ్యలో వెళ్లండి.

3. ఏం తినరో రాతపూర్వకంగా చెప్పండి

‘వెజిటేరియన్’ అని ఒక్క మాట చెబితే సరిపోదు. అర్జెంటీనాలో ‘కార్నె’ అంటే మాంసం అనే అర్థం ఉన్నా, మామూలు మాటల్లో అది బీఫే. ‘కార్నె తినను’ అంటే ‘ఓహో, అయితే కోడి పెడదాం’ అనుకుంటారు. పంది హామ్ ముక్కలు వేసిన సలాడ్‌ని కూడా మాంసం లెక్కలోకి తీసుకోనివాళ్లున్నారు. అందుకని విడమర్చి చెప్పాలి.

బీఫ్ ఒక్కటే తినకపోతే: “నో కోమో కార్నె దె వాకా. పోషో సీ.” అంటే ఆవు మాంసం తినను, కోడి తింటాను అని. బ్యూనస్ ఎయిరెస్ వైపు స్పానిష్‌లో ఇలాంటి మాటల్ని ‘ష’తో పలుకుతారు. పోయ్యో అంటే కూడా అర్థమవుతుంది, పోషో అంటే ఇంకాస్త నవ్వుతూ పలకరిస్తారు.

ఏ మాంసమూ తినకపోతే: “సోయ్ వెహెతారియానో. నీ పోషో, నీ హమోన్, నీ పెస్కాదో.” కోడి, హామ్, చేప ఏదీ వద్దని. ఆడవాళ్లు చివర ‘వెహెతారియానా’ అనాలి. ఈ ముక్కని రెండు మూడు రోజుల ముందే మెసేజ్ చేసి, చేరగానే వంటాయనకి మళ్లీ చూపించండి.

మెనూలో కనబడనిది ఇంకోటుంది. అది ‘గ్రాసా’, అంటే కొవ్వు. ఎంపనాదా అనే కజ్జికాయ ఆకారపు తినుబండారం పిండిలోనూ, సాయంత్రం పెట్టే తోర్తా ఫ్రీతా అనే పూరీలాంటి దాన్ని వేయించేటప్పుడూ పశువుల కొవ్వు వాడటం ఆనవాయితీ. లోపల పాలకూరో మొక్కజొన్నో ఉన్నా పై పిండి సంగతి అడగాలి. “తియేనె గ్రాసా?” అంటే చాలు. నూనెతో చేసినవి కావాలంటే “కోన్ అసేయితె”. పట్టింపు లేనివాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు. ఉన్నవాళ్లకి మాత్రం ఇది తెలియకపోతే ఆ రోజంతా మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది.

చోరీసో అనే సాసేజీ కూడా అంతే. పందిమాంసమే కదా అనుకుంటారు, కానీ అర్జెంటీనా చోరీసోలో పందితో పాటు బీఫ్ కలపడం మామూలే. బీఫ్ వద్దనుకునేవాళ్లు “పూరో సెర్దో?” అని అడగాలి, అంటే పూర్తిగా పందిదేనా అని.

మరి శాకాహారికి ఏం మిగులుతుంది? అనుకున్నదానికన్నా ఎక్కువే. ప్రొవొలేతా అని, మందపాటి చీజ్ బిళ్లని ఒరెగానో చల్లి నిప్పుల మీద కాలుస్తారు. పైన ఎర్రగా పెళుసుగా, లోపల సాగుతూ ఉంటుంది. వేడివేడిగా బ్రెడ్‌తో తింటే ఆ పూటకి అదే విందు. వంకాయ, గుమ్మడి, ఉల్లిగడ్డ, బంగాళాదుంప కాలుస్తారు. క్యాప్సికమ్‌ని సగానికి కోసి అందులో గుడ్డు కొట్టి పోసి కాల్చేది ఒకటుంది, గుడ్డు తినేవాళ్లు అడిగి చేయించుకోండి. మాంసం కాలిన ఊచల మీదే మీ కూరగాయలూ పెట్టడం ఇష్టం లేకపోతే అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి కాల్చమనండి. అన్నం మీద, కారం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వాళ్లు నంజుకునే చిమిచుర్రీ అనే పచ్చడిలో ఉండేది వెల్లుల్లి, పార్స్‌లీ, ఒరెగానో, వెనిగర్. మిరపగింజలు కనబడతాయి గానీ వాటిలో ఘాటు ఉండదు.

4. ప్రయాణం

ప్యాకేజీలో బండి ఉంటే గొడవే లేదు. సొంతంగా వెళ్లాలంటే రెతీరో బస్ టెర్మినల్‌కి వెళ్లండి. ఆరెకో అక్కడికి 113 కిలోమీటర్లు, బస్సులో దాదాపు రెండు గంటలు. టికెట్ ముందురోజే కొనుక్కోండి, తిరుగు టికెట్ కూడా అప్పుడే తీసేసుకోండి. ఆదివారం సాయంత్రం రాజధానికి వెళ్లే బస్సులు కిక్కిరిసి ఉంటాయి. రెతీరో దగ్గర ఫోన్, బ్యాగ్ జాగ్రత్త.

ఆరెకోలో దిగాక ఎస్తాన్సియాకి ‘రెమీస్’ మాట్లాడుకోవాలి. మీటర్ లేని, ముందే రేటు చెప్పే అద్దె కారు అది. సాయంత్రం ఎన్నింటికి రావాలో కూడా ఆ డ్రైవర్‌కే చెప్పి పెట్టండి. పొలాల మధ్య నిలబడి ఫోన్‌లో కారు పిలవడం జరిగే పని కాదు.

దారిలో కిటికీలోంచి చూస్తే పశువుల కన్నా సోయా, మొక్కజొన్న చేలే ఎక్కువ కనిపిస్తాయి. నిరాశపడకండి. పంపా మైదానంలో మంచి నేల చాలావరకు సేద్యానికే పోయింది.

5. ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి

నిండు ప్యాంటు, మడమ కప్పే బూట్లు. చెప్పులు, షార్ట్స్ వద్దు. చీరలో గుర్రం ఎక్కలేరు గానీ గుర్రపు బండి ఎక్కొచ్చు, దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. టోపీ, సన్‌స్క్రీన్, దోమల మందు, వేసవి తప్పితే ఒక స్వెట్టర్. కొంత నగదు పెసోల్లో ఉంచుకోండి. వడ్డించినవాళ్లకి బిల్లులో పది శాతం టిప్ ఇవ్వడం వాడుక. ప్యాకేజీ అయితే మీ మనసుకి తోచినంత. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో గుర్రపు స్వారీ వర్తిస్తుందో లేదో ఒకసారి చదువుకోండి.

6. చేరగానే

పరిచయం చేసుకునేటప్పుడు చెంపకి చెంప ఆనించి పలకరించడం అక్కడి పద్ధతి. మగవాళ్లు మగవాళ్లని కూడా అలాగే పలకరిస్తారు. మీకు ఇబ్బందిగా ఉంటే మీరే ముందు చెయ్యి చాపేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక చేతిలో వైన్ గ్లాసు, ఇంకో చేతిలో ఎంపనాదా పెడతారు. ఎంపనాదా అంచు మడత చూడండి. లోపలేముందో తెలియడానికి ఒక్కో రకానికి ఒక్కో మడత వేస్తారు. అయితే ఏ మడత దేనికన్నది వంటింటికో తీరు కాబట్టి, కొరికే ముందు అడగడమే మేలు. ఇక్కడ రెండు కన్నా ఎక్కువ తినొద్దు, అసలు భోజనం ఇంకా ఉంది.

7. గుర్రం దగ్గర

ఎప్పుడూ స్వారీ చేయకపోతే దాచుకోకండి. “ప్రిమేరా వేస్” (మొదటిసారి), “ఊన్ కబాషో మాన్సో, పోర్ ఫవోర్” (సాధువైన గుర్రం ఇవ్వండి) అని చెప్పేయండి. గౌచో మీ బరువూ, భయమూ చూసి గుర్రాన్ని ఎంచి ఇస్తాడు.

గుర్రం వెనకవైపు నుంచి వెళ్లొద్దు. ఎడమ పక్కనుంచి ఎక్కాలి. సినిమాల్లో చూసినట్టు రెండు చేతుల్తో రెండు పగ్గాలు లాగొద్దు. గౌచోలు రెండు పగ్గాల్నీ ఒకే చేత్తో, మామూలుగా ఎడమ చేత్తో పట్టుకుంటారు. కుడికి తిరగాలంటే ఆ చెయ్యిని కుడివైపు జరిపితే చాలు, పగ్గం మెడకి తగలగానే గుర్రం తిరుగుతుంది. ఆపాలంటే చెయ్యి మెల్లగా మీ పొట్టవైపు తీసుకోవాలి. గట్టిగా గుంజితే దాని నోరు నొప్పెడుతుంది, తర్వాత మీ మాట వినదు. మడమలు కిందికి దించి, పాదం ముందుభాగం మాత్రమే రికాబులో పెట్టండి. పాదమంతా దూర్చేస్తే పడ్డప్పుడు కాలు ఇరుక్కుపోతుంది.

కూర్చున్న జీను మెత్తగా అనిపిస్తే అది గొర్రెతోలు వల్ల. ‘రెకాదో’ అనే ఆ జీను పొరలు పొరలుగా ఉంటుంది. రాత్రుళ్లు మైదానంలో ఉండిపోయినప్పుడు గౌచోలు అవే పొరలు నేల మీద పరుచుకుని పడుకునేవాళ్లు. గుర్రాలు క్రియోషో జాతివి. పొట్టిగా, బలిష్ఠంగా, తక్కువ మేతతో గట్టెక్కేస్తాయి. మాంచా, గాతో అనే రెండు క్రియోషోలతో ఒక స్కూలు టీచర్ 1925లో బ్యూనస్ ఎయిరెస్‌లో బయల్దేరి 1928లో న్యూయార్క్ చేరాడు. ఆ కథ అక్కడ ఎవరినడిగినా చెబుతారు.

పశువుల్ని చూపించమని అడగండి, లేకపోతే మర్చిపోతారు. ఒళ్లంతా నల్లగా ఉండేవి ఆంగస్. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహం ఉన్నవి హియర్‌ఫర్డ్. మూపురం ఉన్న పశువు కోసం చూడకండి, ఇక్కడ దొరకడం అరుదు. ఎండలూ గోమార్లూ ఎక్కువుండే ఉత్తరాది చాకో, కొరియెంతెస్ వైపు వెళ్తేనే మన దేశపు పశువుల రక్తం కలిసిన సంకరజాతులు ఉంటాయి. బ్రెజిల్ సంగతి వేరు. అక్కడి మాంసపు పశువుల్లో పెద్ద వాటా ‘నెలోరె’ జాతిది. అవి మన ఒంగోలు జాతి వంశమే, పేరు మాత్రం నెల్లూరుది. మన ఊళ్లలో దుక్కి దున్నిన గిత్తల సంతతి అక్కడ కబేళా లెక్కల్లో ఉండటం తలుచుకుంటే నాకైతే అదోలా ఉంటుంది.

స్వారీలో గడ్డిలోంచి ఒక పిట్ట గోలగోలగా అరుస్తూ లేస్తే అది తేరో, మన తీతువు పిట్టకి దగ్గరి చుట్టం. గూడు ఒకచోట పెట్టి ఇంకోచోట నిలబడి అరుస్తుందని గౌచోలు దాని మీద జోకులేస్తారు.

8. నిప్పుల దగ్గర, బల్ల దగ్గర

మీరు మాంసం తిన్నా తినకపోయినా భోజనానికి అరగంట ముందు పొయ్యి దగ్గరికి వెళ్లండి. మంట మీద ఏదీ కాల్చరు. కట్టెలు ఒక పక్కన మండుతుంటాయి. అవి నిప్పులయ్యాక పారతో కొద్దికొద్దిగా లాగి ఊచల కింద పరుస్తారు. వంటాయన ఊచల పైన అరచెయ్యి పెట్టి, ఎంతసేపు ఓర్చుకోగలడో చూసి వేడి అంచనా వేస్తాడు. వెంటనే చెయ్యి లాగేసుకుంటే నిప్పులు పక్కకి తోస్తాడు. పక్కటెముకల పెద్ద చట్టాన్నో గొర్రెపిల్లనో ఇనుప శిలువకి కట్టి, నిప్పులవైపు వాల్చి గంటల తరబడి ఉంచుతారు. మసాలా ఏమీ ఉండదు, రాళ్లుప్పు ఒక్కటే.

వడ్డన ఒక వరుసలో వస్తుంది. ముందు చోరీసో, నెత్తురుతో చేసిన మోర్సీషా. తర్వాత చించులీనెస్ అంటే పేగులు, మోషేహాస్ అనే గ్రంథులు. బోటీ ఇష్టపడే తెలంగాణవాళ్లకి ఇవి చూడగానే ప్రాణం లేచొస్తుంది గానీ ఇక్కడివి పశువువి, బీఫ్ తిననివాళ్లు ఆగాలి. ఆఖర్న అసలు ముక్కలు వస్తాయి: పక్కటెముకల తీరా, డొక్క దగ్గరి వాసీయో. మొదటి రెండు వరుసలకే కడుపు నింపుకుంటే ఇవి తినలేరు. వద్దనేదాకా పెడుతూనే ఉంటారు, “నో మాస్, గ్రాసియాస్” అని గట్టిగా చెప్పాలి. మధ్యలో ఎవరో ఒకరు “ఊన్ అప్లావుసో పారా ఎల్ అసదోర్” అంటారు. వంటాయనకి చప్పట్లు కొట్టమని. మీరు తిన్నది కాల్చిన గుమ్మడికాయే అయినా అందరితో పాటు కొట్టండి, కాల్చింది ఆయనే.

9. ఆటపాటలు, ఆ తర్వాత మాతె

బొలెయాదోరాస్ తాళ్లు నేలకి కొడుతూ వేసే మలాంబో నాట్యం చూడటానికి ముందు వరుస కన్నా రెండో వరుస మంచిది, తాడు చివర బరువు ఉంటుంది. ఆ తర్వాత సొర్తీహా. ఎత్తుగా కట్టిన పందిరి నుంచి చిన్న ఉంగరం వేలాడదీస్తారు. గౌచో గుర్రాన్ని దౌడు తీయిస్తూ, రికాబుల మీద లేచి నిలబడి, పెన్సిలంత పుల్లతో ఆ ఉంగరాన్ని తగిలించుకుపోవాలి. గెలిచినవాడు ఆ ఉంగరాన్ని ప్రేక్షకుల్లో ఒకావిడకి ఇచ్చి చెంప చూపించడం మామూలు. ఇష్టం లేకపోతే నవ్వుతూ చెయ్యి ఊపేయండి.

మాతె సంగతికొస్తే, సొరకాయ బుర్ర నిండా ఆకు పొడి, అందులో లోహపు గొట్టం. ఒక్కరే నీళ్లు పోస్తూ అందరికీ వరసగా అందిస్తారు. మీ వంతు వచ్చినప్పుడు గొట్టాన్ని కదపొద్దు, కలపొద్దు. అడుగున గురగుర శబ్దం వచ్చేదాకా పూర్తిగా తాగి, పోసినవాళ్లకే తిరిగివ్వాలి. ఇక చాలు అనుకున్నప్పుడే ‘గ్రాసియాస్’ అనాలి. ముందే అంటే మీ వంతు మళ్లీ రాదు. చేదుగా ఉంటుంది, మొదటి గుక్కకే బాలేదని తేల్చేయకండి.

అందరూ ఒకే గొట్టంతో తాగుతారు, అంటే ఎంగిలే. పట్టింపు ఉంటే మొదట్లోనే “నో, గ్రాసియాస్” అనొచ్చు, తప్పు పట్టరు. కొన్నిచోట్ల విడిగా కూడా ఇస్తారు, అడిగి చూడండి.

10. టైం మిగిలితే, కొనాలనిపిస్తే

నాలుగున్నరకల్లా బయటపడగలిగితే ఆరెకో ఊళ్లో ఒక గంట తిరగండి. 1857 నాటి గులాబీరంగు పాత వంతెన, వెండిపని దుకాణాలు, మూలమీద పాత బార్లు. వెండి మాతె బుర్రలు చూడటానికి బావుంటాయి, ధర విన్నాక చూసి వచ్చేయొచ్చు. గౌచో కత్తి కొంటే చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. దుల్సె దె లేచె అనే పాలకోవా లాంటి క్రీము సీసా కూడా చేతి బ్యాగులో వంద మిల్లీలీటర్లు దాటితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. తోలు వస్తువులు ఇష్టం లేనివాళ్లకి అల్పర్‌గాతాస్ మంచి కొనుగోలు. గౌచోలు వేసుకునే గుడ్డ చెప్పులవి, అడుగున తాడు అల్లిక ఉంటుంది. సైజు మాత్రం కాస్త బిగుతుగా ఉన్నదే తీసుకోండి, వాడేకొద్దీ సాగుతాయి.